పాతబస్తీ: నింద ఒకచోట, అధికారం మరోచోట

మూసీకి దక్షిణాన రోడ్డు గుంతలు పడినా, కుళాయిలో నీళ్లు రాకపోయినా, మెట్రో రైలు కనిపించకపోయినా హైదరాబాద్‌లో కారణం వెతికే పని ఎవరూ పెట్టుకోరు. నదికి ఉత్తరాన ఉన్నవాళ్లు 'అక్కడ మజ్లిస్ (ఎంఐఎం) రాజ్యం, ఇంకేం బాగుపడుతుంది' అంటారు. శాలిబండ, యాకుత్‌పురా గల్లీల్లో ఉన్నవాళ్లు 'సర్కారుకు మేమంటే పట్టదు' అంటారు. గాంధీభవన్‌లోని కాంగ్రెస్ తెలంగాణ భవన్‌లోని బీఆర్‌ఎస్‌ను తప్పుపడుతుంది, తెలంగాణ భవన్ గాంధీభవన్‌ను తప్పుపడుతుంది, బీజేపీ ఆ రెండింటినీ మజ్లిస్ కార్యాలయం దారుస్సలాంతో కలిపి ఒకే గాటన కడుతుంది. ఈ మాటలన్నిటిలోనూ కొంత నిజం ఉంది. అయినా వీటివల్ల ఒక్క నాలా బాగుపడలేదు. పాతబస్తీలో ఓట్లు ఎవరికి పడుతున్నాయో ఊరంతటికీ తెలుసు. అక్కడి పనుల కాగితాల మీద సంతకం పెట్టే అధికారం ఎవరిదో మాత్రం చాలామందికి తెలియదు. నింద దారి తప్పుతున్నది ఇక్కడే.

అన్నిటికన్నా గట్టిగా నాటుకున్న అపోహ, పాతబస్తీని మజ్లిస్ పాలిస్తోందన్నది. గెలుస్తున్నది మజ్లిసే, అందులో అనుమానం లేదు. హైదరాబాద్ లోక్‌సభ స్థానంలో 1984 నుంచి 2004 వరకు సలావుద్దీన్ ఒవైసీ, అప్పటినుంచి వరుసగా అయిదుసార్లు అసదుద్దీన్ ఒవైసీ గెలిచారు. చార్మినార్, చాంద్రాయణగుట్ట, యాకుత్‌పురా, బహదూర్‌పురా, మలక్‌పేట, కార్వాన్, నాంపల్లి అసెంబ్లీ స్థానాలు 2009 నుంచి ఆ పార్టీవే. కానీ గెలవడం వేరు, పాలించడం వేరు. మంచినీళ్లు, మురుగు కాలువలు 1989లో ఏర్పడిన జలమండలి చేతిలో ఉన్నాయి, దానికి చైర్మన్ ముఖ్యమంత్రి. కరెంటు ప్రభుత్వ డిస్కంది. అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియా ఆస్పత్రి రాష్ట్ర వైద్యశాఖది. పోలీసు హోంశాఖ కింద పనిచేస్తుంది. చార్మినార్ కట్టడం కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. 1981లో పాతబస్తీ కోసమనే ప్రత్యేకంగా పెట్టిన కులీకుతుబ్‌షా పట్టణాభివృద్ధి సంస్థ కూడా రాష్ట్ర ప్రభుత్వానిదే. 1993లో అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పురపాలక సంస్థలకు అప్పగించదగ్గ పనులు 18 అని చెప్పింది. నీటి సరఫరా ఆ జాబితాలో ఉంది. హైదరాబాద్‌లో అది బల్దియా (జీహెచ్‌ఎంసీ) చేతికి రానేలేదు. బల్దియాలోనైనా 2016లో, 2020లో మజ్లిస్‌కు వచ్చినవి 150 డివిజన్లలో 44. అక్కడ ఫైళ్లు నడిపే కమిషనర్‌ను నియమించేది రాష్ట్ర ప్రభుత్వం. ఇది మజ్లిస్‌కు మాత్రమే ఉన్న ఇబ్బంది కాదు. ఏ పార్టీ కార్పొరేటర్ అయినా, ఎమ్మెల్యే అయినా తన వీధిలో నీటి పైపు మార్పించాలంటే జలమండలి గుమ్మం ఎక్కాల్సిందే.

దీనికి బలమైన అభ్యంతరమే ఉంది. మజ్లిస్ ఎప్పుడూ అధికారానికి దగ్గరగానే ఉంది కదా అన్నది ఆ అభ్యంతరం. నిజమే. కాంగ్రెస్ ప్రభుత్వాలకు 2012 నవంబరు వరకు మద్దతిచ్చింది. చార్మినార్ పక్కనున్న భాగ్యలక్ష్మి ఆలయం వివాదంలో ఆ మద్దతు ఉపసంహరించుకుంది. తెలంగాణ వచ్చాక టీఆర్‌ఎస్‌తో (ఇప్పటి బీఆర్‌ఎస్) స్నేహంగా మెలిగింది. 2023 డిసెంబరులో కాంగ్రెస్ ప్రభుత్వం ఏర్పడగానే అక్బరుద్దీన్ ఒవైసీ ప్రొటెం స్పీకర్ అయ్యారు. అంతకుముందు 2012 నుంచి 2014 వరకు ఆ పార్టీకి చెందిన మాజిద్ హుస్సేన్ నగర మేయర్‌గా కూడా ఉన్నారు. ఇంత చేరువలో ఉన్న పార్టీ 'మా చేతిలో ఏముంది' అంటే ఒప్పుకోనక్కర్లేదు. అధికారం లేకపోయినా బేరమాడే బలం దానికి ఉంది, ఆ బలంతో ఏం సాధించిందో లెక్క అడిగే హక్కు ఓటరుకు ఉంది. చెత్త, వీధి దీపాలు, గల్లీ రోడ్లు బల్దియావే కాబట్టి 2020లో గెలిచిన ఆ 44 మందిని నేరుగా నిలదీయవచ్చు. అంతమాత్రాన జలమండలి చైర్మన్ జవాబు చెప్పనక్కర్లేదని కాదు. ఒకరి తప్పు ఎత్తిచూపి మరొకరిని వదిలేయడమే ఈ నిందల రాజకీయం నాలుగు దశాబ్దాలుగా చేస్తున్న పని.

మెట్రో కథ చూస్తే ఇది స్పష్టంగా తెలుస్తుంది. 2010లో ఎల్ అండ్ టీ సంస్థతో ఒప్పందం కుదిరినప్పుడు మొదటి దశ మూడు కారిడార్లు కలిపి 72 కిలోమీటర్లు. అందులో రెండో కారిడార్ జూబ్లీ బస్టేషన్ నుంచి ఫలక్‌నుమా దాకా. 2017 నవంబరులో రైళ్లు మొదలయ్యాయి. 2020 ఫిబ్రవరిలో ఈ కారిడార్ మహాత్మాగాంధీ బస్టేషన్ వరకు వచ్చి ఆగింది. అక్కడి నుంచి ఫలక్‌నుమా వరకు మిగిలింది అయిదున్నర కిలోమీటర్లు. మొత్తం మొదటి దశలో కట్టకుండా వదిలేసిన ముక్క అదొక్కటే, అది పూర్తిగా పాతబస్తీలోనే ఉంది. ఎవరిది తప్పు? దారిలో ప్రార్థనాస్థలాలు, దుకాణాలు దెబ్బతింటాయని మజ్లిస్ అభ్యంతరపెట్టింది, మార్గం మార్చమంది. అది ఆలస్యానికి ఒక కారణం, దాచాల్సిన పనిలేదు. కానీ నగరంలో మిగతాచోట్ల కూడా ఆస్తులు సేకరించారు, అభ్యంతరాలు వచ్చాయి, కోర్టు కేసులు నడిచాయి. అమీర్‌పేటలోనూ సుల్తాన్‌బజార్‌లోనూ వ్యాపారులు ఊరుకోలేదు. అక్కడ ప్రభుత్వం పట్టుబట్టి పని ముగించింది. పాతబస్తీ దగ్గరికి వచ్చేసరికి అభ్యంతరమే సాకు అయింది. 2022 డిసెంబరులో అప్పటి ముఖ్యమంత్రి కె.చంద్రశేఖరరావు విమానాశ్రయ మెట్రోకు పునాదిరాయి వేశారు, అదీ రాయదుర్గం నుంచి, 31 కిలోమీటర్ల పొడవున. ఫలక్‌నుమా ముక్క అలాగే మిగిలింది. 2024 మార్చిలో ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి ఫలక్‌నుమా దగ్గర శంకుస్థాపన చేశారు, అసదుద్దీన్ ఒవైసీ ఆ సభలో ఉన్నారు. వ్యతిరేకించిన పార్టీ, వాయిదా వేసిన ప్రభుత్వాలు, లాభం చూసుకున్న కంపెనీ, ఈ ముగ్గురిలో ఒక్కరినే దోషిగా నిలబెట్టిన వాదన ఏదైనా అసంపూర్ణమే.

ఇంకాస్త వెనక్కి వెళ్తే పాతబస్తీ వెనుకబాటు ఏ ఒక్క పార్టీ వయసుకన్నా పెద్దదని తెలుస్తుంది. 1908 సెప్టెంబరు మూసీ వరద తర్వాత నగరాన్ని మళ్లీ కట్టుకున్నారు, విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి. కానీ అప్పటినుంచే అధికార కేంద్రం నది దాటి ఉత్తరానికి జరగడం మొదలైంది. ఏడో నిజాం నివాసం కింగ్‌కోఠీకి మారింది. 1948 సెప్టెంబరులో నిజాం రాజ్యం ముగిసింది, 1949లో జాగీర్లు రద్దయ్యాయి. జాగీర్ల రద్దు న్యాయమైనదే, రైతుకు అది విముక్తి. కానీ నిజాం సైన్యం, దివాణాలు, జాగీర్ల కచేరీల మీద బతికిన గోడల లోపలి నగరానికి ఒక్కసారిగా జీతాలు ఆగిపోయాయి. ఆ మనుషులకు ప్రత్యామ్నాయం చూపే ఆలోచన ఎవరూ చేయలేదు. తర్వాతి పెట్టుబడి అంతా పడమటికి వెళ్లింది. 1998లో సైబర్ టవర్స్ మాదాపూర్‌లో వెలిశాయి. 2008లో విమానాశ్రయం దక్షిణాన శంషాబాద్‌లో వచ్చినా, 2009లో తెరిచిన పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ వరకు పాతబస్తీ పక్కనుంచే దాటిపోయింది. ఈ నిర్ణయాలు తీసుకున్న ముఖ్యమంత్రులు కాంగ్రెస్ వాళ్లు, తెలుగుదేశం వాళ్లు. పాతబస్తీలో ఏమీ జరగలేదనడం కూడా తప్పే. బహదూర్‌పురా ఫ్లైఓవర్, చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ పొడిగింపు, 2025 జనవరిలో తెరిచిన ఆరాంఘర్–జూపార్క్ ఫ్లైఓవర్ కళ్లముందే ఉన్నాయి. కానీ ఫ్లైఓవర్ మీదుగా వెళ్లేవారికి కింద గల్లీ కనిపించదు.

పాతబస్తీ కరెంటు బిల్లు కట్టదన్న మాట మరొకటి. డిస్కం సౌత్ సర్కిల్‌లో నష్టాలు ఎక్కువన్నది వాస్తవం. అయితే ఆ నష్టాల లెక్కలో దొంగ వాడకం, పాత వైర్లలో పోయే కరెంటు, సరిగా వేయని బిల్లు, వసూలు కాని బకాయి అన్నీ కలిసే ఉంటాయి. నెలనెలా బిల్లు కట్టే లక్షల ఇళ్లను ఆ సగటు అంకె కనబడనివ్వదు. 2024లో ముఖ్యమంత్రి పాతబస్తీ బిల్లుల వసూలు అదానీ సంస్థకు అప్పగించే ఆలోచన బయటపెట్టినప్పుడు చర్చంతా ఎవరు దొంగలన్నదాని చుట్టూ తిరిగింది. మీటర్లు, తీగలు, తనిఖీ సిబ్బంది అన్నీ తన చేతిలోనే ఉన్న ప్రభుత్వ సంస్థ ఇన్నేళ్లు ఏం చేసిందన్నది వెనక్కిపోయింది.

నిందల రాజకీయం అసలు విషయాన్ని ఎలా మింగేస్తుందో 2020లో చూశాం. 2000 ఆగస్టు వరదల తర్వాత కిర్లోస్కర్ కన్సల్టెంట్స్ నివేదిక నాలాలు వెడల్పు చేయాలని చెప్పింది. ఆ నివేదికను తెలుగుదేశం, కాంగ్రెస్, టీఆర్‌ఎస్ ప్రభుత్వాలు మూడూ చూశాయి. 2020 అక్టోబరు 13న కుండపోత కురిసింది, కొన్ని రోజులకే బాలాపూర్ వైపు గుర్రం చెరువు తెగింది, ఫలక్‌నుమా ప్రాంతంలోని అల్ జుబైల్ కాలనీ లాంటివి రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ప్రభుత్వం ఇంటికి పదివేల సాయం ప్రకటించింది. ఆరేడు వారాల్లోనే, డిసెంబరు 1న, బల్దియా ఎన్నికలు వచ్చాయి. నాలాల గురించి ఇంతకన్నా మంచి సమయంలో మాట్లాడే వీలు దొరకదు. కానీ ప్రచారంలో ఏం వినపడింది? మేయర్ పీఠం గెలిస్తే పాతబస్తీ మీద సర్జికల్ స్ట్రయిక్ చేస్తామన్నారు అప్పటి బీజేపీ రాష్ట్ర అధ్యక్షుడు బండి సంజయ్. ఆక్రమణలు కూల్చాలంటే హుస్సేన్‌సాగర్ ఒడ్డున పీవీ, ఎన్టీఆర్ ఘాట్లు కూల్చండని అన్నారు అక్బరుద్దీన్. వారం రోజులు నగరమంతా ఈ మాటల చుట్టూనే తిరిగింది. ఫలితాల్లో టీఆర్‌ఎస్ 99 నుంచి 56కు పడిపోయింది, బీజేపీ 4 నుంచి 48కి పెరిగింది, మజ్లిస్ 44 దగ్గరే నిలిచింది. పోలింగ్ 47 శాతం కూడా దాటలేదు. ఇల్లు మునిగిన మనిషికి కోపం రావడం న్యాయం. ఆ కోపాన్ని నాలా నుంచి మతం వైపు మళ్లించినవాళ్లకే అందులో లాభం దక్కింది.

ఈ జబ్బు మన ఒక్కరిదే కాదు. పాతబస్తీ పిల్లలు ఎంతోమంది చదువుకూ కొలువుకూ వెళ్లే అమెరికాలోనూ ఇదే. కొవిడ్ తర్వాత అక్కడ ద్రవ్యోల్బణం 2022 జూన్‌లో 9.1 శాతానికి చేరింది, నేరం అధ్యక్షుడు బైడెన్ మీద పడింది. అదే ఏడాది అక్టోబరులో బ్రిటన్‌లో అది 11.1 శాతం, అక్కడ ఉన్నది కన్జర్వేటివ్ ప్రభుత్వం. 2024లో అమెరికాలో డెమొక్రాట్లు, బ్రిటన్‌లో కన్జర్వేటివ్‌లు ఓడిపోయారు. సిద్ధాంతాలు వేరు, ఓటరు కోపం ఒక్కటే. ప్రభుత్వాల విధానాలకు పాత్ర లేదని కాదు, ప్రపంచమంతా పెరిగిన ధరకు ఒక్క మనిషిని కారణం చేయడం సులువు అని మాత్రమే. అమెరికాలో అధ్యక్షుడికి లేని అధికారాన్ని జనం అతనికి అంటగడతారు. ఇక్కడ ఎమ్మెల్యేకు లేని అధికారాన్ని మనం అంటగడుతున్నాం.

చివరి అపోహ విసుగులో పుట్టింది: పాతబస్తీ ఓటు కట్టకట్టినట్టు ఒకవైపే పడుతుంది, వేసినా వేయకపోయినా ఒకటే. చరిత్ర దీన్ని ఒప్పుకోదు. 1971లో హైదరాబాద్ ఎంపీ తెలంగాణ ప్రజాసమితికి చెందిన మేల్కోటే. 1980లో కాంగ్రెస్ అభ్యర్థి కె.ఎస్.నారాయణ గెలిచారు. కార్వాన్‌లో బీజేపీ నాయకుడు బద్దం బాల్‌రెడ్డి 1985, 1989, 1994లలో మూడుసార్లు ఎమ్మెల్యే. 1993లో మజ్లిస్ నుంచి విడిపోయిన అమానుల్లాఖాన్ పెట్టిన మజ్లిస్ బచావో తెహ్రీక్ (ఎంబీటీ) మరుసటి ఏడాదే రెండు సీట్లు గెలిచింది, మజ్లిస్‌కు ఒక్కటే దక్కింది. పోలింగ్ తక్కువన్నది నిజం, కానీ పాతబస్తీకి ప్రత్యేకం కాదు. 2024 లోక్‌సభ ఎన్నికల్లో హైదరాబాద్‌లో 48 శాతం పోలయితే సికింద్రాబాద్‌లో 49, మల్కాజ్‌గిరిలో 51కి కాస్త లోపు. రాష్ట్ర సగటు 65 దాటింది. ఓటు వేయనిది మహానగరం మొత్తం, పేరు పడింది పాతబస్తీకి. 2023లో యాకుత్‌పురాలో 40 శాతం లోపే ఓటేశారు, మజ్లిస్ అభ్యర్థి ఎంబీటీ మీద 878 ఓట్ల తేడాతో బయటపడ్డారు. అక్కడ రెండు గల్లీల జనం అదనంగా బూత్‌కు వచ్చి ఉంటే ఫలితం ఎటు తిరిగేదో ఎవరూ చెప్పలేరు.

కాబట్టి తర్వాతి బల్దియా ఎన్నికలకు ఏ పార్టీ అభ్యర్థి మీ గడప ఎక్కినా, ఎదుటి పార్టీ ఏం చేయలేదో చెప్పనివ్వకండి. మీ వీధి మురుగు లైను ఏ శాఖది, దానికి ఎంత నిధి మంజూరైంది, ఆ ఫైలు ఏ అధికారి దగ్గర ఆగింది, అది కదలడానికి తాను ఏ తేదీన ఏ ఉత్తరం రాశాడు అని అడగండి. జలమండలిదైతే ఉత్తరం నకలు తీసుకుని ముఖ్యమంత్రి కార్యాలయానికి మీ బస్తీ పేరుమీద మరో అర్జీ పెట్టండి, సమాచార హక్కు చట్టం కింద జవాబు రాబట్టండి. ఆపైన వెళ్లి ఓటు వేయండి.