గాలి దిశ - సగటు ఒక్కటే చాలదు

తుపానుల సమయంలోను, కర్మాగారాల నుంచి విషవాయువులు వెలువడినప్పుడును ప్రజల రక్షణకు గాలి వేగంతో పాటు దాని దిశ కూడా కీలకమైన సమాచారం. అయితే గాలి దిశ క్షణక్షణమూ మారుతుంది. ఆ మార్పులను గణాంక దృష్టితో గ్రహించినప్పుడే ఆ సమాచారానికి సరైన అర్థం లభిస్తుంది.

గాలిని అది వచ్చే దిక్కు పేరుతో వ్యవహరిస్తారు. ఈశాన్య గాలి అంటే ఈశాన్యం నుంచి నైరుతికి వీచే గాలి. ఉత్తరం నుంచి సవ్యదిశలో లెక్కించగా తూర్పు 90, దక్షిణం 180, పడమర 270 డిగ్రీలు అవుతాయి. ప్రపంచ వాతావరణ సంస్థ ప్రమాణాల మేరకు బహిరంగ ప్రదేశంలో 10 మీటర్ల ఎత్తున కొలిచి, 10 నిమిషాల సగటును నమోదు చేస్తారు.

ఈ సగటును మామూలు కూడికతో లెక్కించరాదు. 350, 10 డిగ్రీలు రెండూ ఉత్తరపు గాలులే. వాటిని కూడి రెండుతో భాగిస్తే 180 వచ్చి, దక్షిణపు గాలి అని తేలుతుంది. ఇది వాస్తవానికి పూర్తిగా విరుద్ధం. అందువల్ల ప్రతి కొలతను సమానమైన పొడవు గల బాణంగా భావించి, అన్నింటినీ వరుసగా జోడిస్తారు. మొదటి బాణం మొదలు నుంచి చివరి బాణం కొస వరకు గల దిక్కే సగటు దిశ. ఆ దూరం ఎక్కువైతే గాలి నిలకడగా ఉన్నట్లు, శూన్యానికి చేరువైతే దిక్కులు చెదిరినట్లు భావించాలి.

ఈ చెదురును ప్రామాణిక విచలనం రూపంలో డిగ్రీలలో తెలుపుతారు. సాధారణంగా వాడే పట్టికలలో ఎండ తీవ్రంగా ఉండి గాలి బాగా కలగలిసే స్థితికి 25, తటస్థ స్థితికి 10, నిశ్చలమైన రాత్రి స్థితికి 2.5 డిగ్రీలు సూచికలు. విచలనం తక్కువైతే వాయువు పలుచబడక సన్నని పాయగా సాగుతుంది. అయితే గాలి మరీ మందగించిన రాత్రులలో ఆ పాయే గంట వ్యవధిలో పలు దిక్కులకు మళ్లగలదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం సమీపంలోని ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది మరణించారు. ఇటువంటి వేళల్లో ఒక్క సగటు దిశను నమ్మి తరలింపు మార్గాన్ని నిర్ణయించడం ప్రమాదకరం.

తీరప్రాంతాలలో పగలు సముద్రపు గాలి, రాత్రి భూమి మీది గాలి వీస్తాయి. ఈ రెండింటినీ కలిపి రోజంతటికీ సగటు తీస్తే, ఏ వేళలోనూ వీయని దిక్కు ఫలితంగా రావచ్చు. అందుచేత వేళలవారీగా, దిక్కులవారీగా గాలి ఎంత శాతం కాలం వీచిందో తెలిపే పవన చిత్రాలు మరింత ప్రయోజనకరం.

తుపానుల విషయంలో మరొక జాగ్రత్త అవసరం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటింది. ఇటువంటి తీవ్ర తుపాను కన్ను ఒక ప్రాంతం మీదుగా సాగినప్పుడు గాలి కొంతసేపు తగ్గి, తిరిగి దాదాపు వ్యతిరేక దిక్కు నుంచి విజృంభిస్తుంది. ఆ విరామాన్ని తుపాను ముగింపుగా భావించి ప్రజలు బయటకు రాకుండా చూడాలి.

కాబట్టి గాలి దిశను ప్రకటించేటప్పుడు కొలిచిన స్థలం, సమయం, సగటు తీసిన వ్యవధి, దిశలోని చెదురు కూడా జతపరచడం సముచితం.