పసిముఖాల మీద అందపు బేరం

చిక్కబళ్లాపుర, బాగేపల్లి, చింతామణి పట్టణాలలో బ్యూటీ పార్లర్లకు పెళ్లికూతుళ్లే ముఖ్యమైన గిరాకీగా ఉండిన కాలం గడిచిపోయింది. ఇప్పుడు ఐదారేండ్ల పాప పుట్టినరోజుకు, బడి వార్షికోత్సవానికి, సమర్త వేడుకకు కూడ మేకప్ ప్యాకేజీ అనే మాట వినబడుతున్నది. ఫొటోల ఆల్బమ్ బేరంలోనే ముఖానికి ఫేషియల్, గోళ్లకు రంగు, జుట్టుకు స్ట్రెయిటెనింగ్ కలిసి వస్తున్నవి. తల్లి డబ్బు చెల్లిస్తే బిడ్డకు ఉచితం వంటి ఎరలు కూడ ఈ వ్యాపారంలో ఉన్నవి. బెంగళూరు చిక్కబళ్లాపురకు సుమారు 60 కిలోమీటర్లే గనుక అక్కడి మాల్‌లో పుట్టిన అలవాటు మన ఊరి బజారుకు చేరడానికి ఎంతో కాలం పట్టదు. ఇంటింటా సెల్‌ఫోన్ వచ్చిన తరువాత ఆ దూరం కూడ లేకపోయింది.

ఆడపిల్లల అలంకారం మనకు కొత్త కాదు. చింతామణి తాలూకాలోని కైవారంలో వెలసి తెలుగు, కన్నడ భాషలు రెంటిలోను తత్త్వాలు పాడిన యోగి నారేయణ తాతయ్య పూర్వాశ్రమంలో గాజుల మలారం మోసుకొని ఊరూరా తిరిగి గాజులమ్మినవారే. నలుగుపిండి, తలంటి, ఆషాఢంలో గోరింటాకు, జడకు చామంతిపూలు ఇవన్నీ మన పిల్లలకు దక్కిన ముద్దుముచ్చట్లు. అయితే గాజులమ్మేవాడు పాప చేయి పట్టుకొని నీ చేయి వికారంగా ఉన్నది, నా గాజులు తొడిగితే గాని చూడదగదు అని ఎన్నడూ అనలేదు. నేటి అందపు వ్యాపారం సరిగ్గా ఆ మాటతోనే ఆరంభమవుతున్నది. ముందు లోపమున్నదని చెప్పాలి, తరువాత దానికి మందు అమ్మాలి. పెద్దలు ఆ మాటను నమ్మవచ్చు, నమ్మకపోవచ్చు. ఏడేండ్ల పిల్ల మాత్రం తప్పక నమ్ముతుంది. వ్యాపారికి కావలసినదీ అదే, ఎందుకంటే ఏడేండ్ల వయసులో మొదలైన గిరాకీ ముప్పది నలుబది ఏండ్లు నిలుస్తుంది.

ఈ పద్ధతికి విదేశాలలో ముందే దారి పడింది. అమెరికాలోని షికాగో నగరంలో 2000వ సంవత్సరంలో క్లబ్ లిబ్బీ లూ అనే పేరుతో చిన్న ఆడపిల్లల కొరకే అలంకరణ అంగళ్లు తెరచినారు. పుట్టినరోజు పార్టీ పేరిట పిల్లలను గుంపుగా పిలిచి, జుట్టు దువ్వి, మెరుపులు అద్ది పంపేవారు. అవి 2009లో మూతపడినా ఆలోచన మాత్రం మూతపడలేదు. ఇటీవల సెల్‌ఫోన్ వీడియోలు చూచి పదేండ్ల పిల్లలు ముడతలు పోగొట్టే క్రీములు అడగడం ఎంతవరకు వెళ్లిందంటే, స్వీడన్ దేశంలో అపోతెక్ యార్తాత్ అనే మందుల దుకాణాల సంస్థ 2024లో ఆమ్లాలు, విటమిన్-ఎ వంటివి కలిసిన కొన్ని చర్మ లేపనాలను 15 ఏండ్లలోపు వారికి పెద్దల అనుమతి లేకుండ అమ్మరాదని నిర్ణయించింది. ముడతలే లేని ముఖానికి ముడతల మందు! నవ్వు వచ్చే సంగతే గాని, ఆ లేపనాలు పసిచర్మాన్ని మండించి పొక్కులు తెప్పించగలవు.

మన దగ్గర ముడతల భయం కంటె నలుపు భయం పాతది. ఫెయిర్ అండ్ లవ్లీ క్రీము మనదేశంలో 1975లో వచ్చింది. 2020లో దాని పేరు గ్లో అండ్ లవ్లీగా మారినది. పేరు మారినంత సులభంగా మన నోటి మాట మారలేదు. నల్లపిల్లకు సంబంధం ఎట్లా కుదురుతుంది, కట్నం ఎంత అడుగుతారో అని బిడ్డ వినేటట్లే ఇంటిలో అనుకొంటాము. వ్యాపారి పని సగం మనమే చేసి పెడుతున్నామని చెప్పక తప్పదు.

ఈ తెలుపు మోజులో అన్నిటికంటె ప్రమాదకరమైనది పాదరసం. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారీని పాదరసం అడ్డుకొంటుంది గనుక క్రీము రాసిన కొద్ది దినాలకే ముఖం తేటపడినట్లు కనబడుతుంది. అదే పాదరసం చర్మం గుండా రక్తంలో చేరి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. కేరళలోని మలప్పురం జిల్లా కోట్టక్కల్‌లో ఒక ఆసుపత్రి వైద్యులు 2021 జూలై నుండి 2023 సెప్టెంబరు వరకు వచ్చిన ఒక రకపు మూత్రపిండ వ్యాధి కేసులు 22 పరిశీలించగా, అందులో 15 మందిలో అరుదైన ఒకే లక్షణం కనబడింది. ఆ 15 మందిలో 13 మంది జబ్బుకు ముందు తెల్లబరచే క్రీములు వాడినవారే. మనదేశపు 2020 నాటి సౌందర్య సాధనాల నియమాల ప్రకారం, కంటికి వాడేవి తప్ప తక్కిన సరుకులో పొరపాటున చేరిన పాదరసం సైతం పది లక్షల పాళ్లలో ఒక పాలు మించరాదు. పెట్టె మీద తయారీదారు చిరునామా, లైసెన్సు నంబరు, గడువు తేది లేని క్రీమును, పార్లరులో చిన్న డబ్బాలోనికి తీసిపెట్టిన పేరులేని క్రీమును బిడ్డకు తాకనీయకూడదు.

మరొకటి స్టెరాయిడ్ లేపనం. తామర, దద్దుర్లకు వైద్యుడు ఇచ్చే మందు ఇది. తెల్లబరుస్తుందని నెలల తరబడి రాస్తే చర్మం పలుచబడి, ఎర్రబారి, మొటిమలు, అవాంఛిత రోమాలు వస్తవి. ఇట్టి లేపనాలు పలువాటిని కేంద్రప్రభుత్వం 2018లో వైద్యుని చీటీ లేనిదే అమ్మరాని మందుల జాబితాలో చేర్చినది. పిల్లలలో శరీరపు బరువుతో పోల్చితే చర్మ వైశాల్యం పెద్దలకంటె ఎక్కువ గనుక రాసిన మందు ఒంటిలోనికి ఎక్కే పాలు కూడ ఎక్కువ.

జుట్టు నిటారు చేసే కొన్ని ద్రావకాలు వేడి తగిలినప్పుడు ఫార్మాల్డిహైడ్ ఆవిరిని వదలుతవి. అది మానవులలో క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే నిర్ధారించింది. గంటలో నల్లగా పండే మెహందీలో పీపీడీ అనే తలరంగు రసాయనం కలుపుతారు, దాని వలన చేతులపై బొబ్బలు లేవవచ్చు. పెరటి గోరింటాకు ఎర్రగానే పండుతుంది, నల్లగా పండదు. పాతదంతా మంచిదని కూడ మేము అనడం లేదు. అంగడిలో అమ్మే కొన్ని సుర్మాలలో సీసం ఉంటుంది, దానిని పసిబిడ్డ కంటికి పెట్టరాదు.

పళ్లు తెల్లబరచే ప్రకటనల విషయం మన ప్రాంతానికి ప్రత్యేకమైనది. బాగేపల్లి, చింతామణి తాలూకాలలో అనేక గ్రామాల బోరునీటిలో ఫ్లోరైడు అధికం. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదన్నది ప్రమాణం. చిగురు లోపల పళ్లు తయారయ్యే తొలి ఏడెనిమిదేండ్లలో ఆ నీరు తాగిన బిడ్డకు పళ్లపై గోధుమరంగు మచ్చలు పడుతవి. అది బిడ్డ పళ్లు తోమని తప్పు కాదు, అందవిహీనతా కాదు. పార్లరు పొడులతో రుద్దితే పంటిపొర అరుగుతుందే గాని మచ్చ పోదు. డబ్బు ఖర్చు పెట్టవలసినది శుద్ధజలానికి, అవసరమైతే దంతవైద్యునికి. బడిలో తోటిపిల్లలు ఎగతాళి చేయకుండ ఉపాధ్యాయులు ఈ సంగతి విడమరచి చెప్పితే మంచిది.

చట్టం కూడ పిల్లల పక్షాన ఉన్నది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద 2022 జూన్ 9న వెలువడిన మార్గదర్శకాల ప్రకారం, పిల్లలను ఉద్దేశించిన ప్రకటన వారి అమాయకత్వాన్ని వాడుకొనరాదు, తమ శరీరం పట్ల వారికి చిన్నచూపు కలిగించరాదు. తప్పుదారి పట్టించే ప్రకటనకు మొదటిసారి 10 లక్షల రూపాయల వరకు, మరల చేస్తే 50 లక్షల వరకు జరిమానా విధించవచ్చు. కరపత్రమైనా, సెల్‌ఫోన్‌కు వచ్చిన ప్రకటనైనా పారవేయక ఫొటో తీసి ఉంచుకొనండి. సొమ్ము చెల్లించిన చోట రసీదు అడగండి. వాడిన క్రీము పెట్టెను దాచండి, బిడ్డకు వాపు గాని మూత్రంలో నురుగు గాని కనబడితే దానిని వైద్యునికి చూపవలసి ఉంటుంది. ఫిర్యాదుకు జాతీయ వినియోగదారుల సహాయవాణి నంబరు 1915, తెలుగులోను కన్నడంలోను మాట్లాడవచ్చు.