గోటితో పోయేదానికి గొడ్డలెందుకు?

బ్యాంకులో ముప్పై ఏళ్లుగా పరుల లెక్కలు సరిచూసే నేను, కారు మీద పడిన చెట్టు జిగురు గురించి వ్రాయడమేమిటని పాఠకులు నవ్వుకోవచ్చు. కామర్సు చదివిన నాకు రంగుల శాస్త్రం తెలియదు. తెలియకనే ఒక తప్పు చేశాను, దానికి మూల్యం చెల్లించాను. బళ్లారిలో వేపచెట్టు నీడనో, బరంపురంలో పనసచెట్టు కిందనో బండి నిలుపుకునే మన కుటుంబాలకు నా అనుభవం ఉపయోగపడుతుందని ఈ నాలుగు మాటలు.

మాది హోసూరు. ఇంటి ముందు మామిడిచెట్టు నేను ఎనిమిదో తరగతి చదివేటప్పుడు మా నాయన నాటినది. దాని కింద మొదట ఆయన సైకిలు, తర్వాత నా స్కూటరు, ఇప్పుడు ముదురు నీలం రంగు కారు. నాయన పోయి పదకొండేళ్లయింది. అమ్మ ఉదయం కాఫీ గ్లాసుతో కూర్చునేది ఇప్పటికీ ఆ చెట్టు కిందనే.

2025 మార్చి నెలంతా సంవత్సరాంతపు లెక్కలతో సతమతమయ్యాను. రాత్రి తొమ్మిదికి ఇంటికి రావడం, కారును చెట్టు కింద పెట్టడం, పొద్దున్నే అద్దం మాత్రం తుడుచుకుని పోవడం. మార్చి 30 ఆదివారం ఉగాది. కొండ మీది చంద్రచూడేశ్వర స్వామి గుడికి బయలుదేరుదామని చూస్తే, బానెట్టు నిండా జిగురు, దాని మీద దుమ్ము, అక్కడక్కడ నల్లని మసి. పొడి గుడ్డతో రుద్దితే కదలలేదు. కోపం వచ్చింది. గడ్డం గీసుకునే బ్లేడు తెచ్చి గీకాను. మూడు మచ్చలు పోయాయి, మూడు గీతలు మిగిలాయి.

బ్లేడు విసిరి, “ఈ చెట్టును కొట్టించేస్తే గాని పీడ వదలదు” అన్నాను. ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. అమ్మ కాఫీ గ్లాసు కింద పెట్టి, “ముందు పచ్చడికి రెండు కాయలు కోసియ్యప్పా. కొట్టేది తర్వాత చూస్తాము” అన్నది.

ఆ మాటకు జవాబు లేదు. కొమ్మ వంచి కాయలు కోశాను. తొడిమ తెగిన చోట నుంచి సొన కారి, అదే బానెట్టు మీద నాలుగు చుక్కలు పడింది!

ఇంతలో ఎదురింటి ఆయన వచ్చారు. వాహనాల కర్మాగారంలో రంగు వేసే విభాగంలో పనిచేసి రిటైరైన మనిషి. గీతలు చూసి, “తొందరపడ్డావు తమ్ముడూ” అని ఒక బకెట్టు నీళ్లు తెమ్మన్నారు. ఆ గంటలో ఆయన దగ్గర నేర్చుకున్నదే ఈ వ్యాసం.

కారు రంగు మనం చూసినట్లు ఒకే పొర కాదు. రేకు మీద తుప్పు పట్టకుండా ఒక పూత, దాని మీద ప్రైమరు, ఆపైన అసలు రంగు, అన్నిటికీ పైన గాజులా మెరిసే పారదర్శకమైన పూత. ఇవన్నీ కలిపినా మందం సుమారు 100 నుంచి 140 మైక్రాన్లు. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన ఆఫీసుల్లో వాడే మామూలు తెల్ల కాగితం మందం దాదాపు 100 మైక్రాన్లు. అంటే కారు అందమంతా ఒక కాగితమంత పొరలో ఉన్నది. అందులో పై మెరుపు పూత సగం కూడా ఉండదు. దాని మీద నేను బ్లేడు పెట్టాను!

ఇక చెట్టు నుంచి పడేవన్నీ ఒకటి కావు. మూడు రకాలుగా అనుకుంటే పని సులువవుతుంది.

మొదటిది తేనెమంచు. మామిడి పూత సమయంలో చిన్న చిన్న పురుగులు పూగుత్తుల రసం పీల్చి, తీయని జిగురును తుంపరలుగా విసర్జిస్తాయి. రైతులు వాటిని తేనెమంచు పురుగులనే అంటారు. ఆ తీపి మీద పెరిగే బూజే నల్లని మసి. నేను నెల రోజులు తిట్టుకున్నది చెట్టును. ఆ పని చేసింది పురుగు. ఇది చక్కెర వంటిది కనుక నీళ్లకే కరుగుతుంది.

రెండవది బంక. వేప, తుమ్మ, మునగ చెట్ల మాను మీద గడ్డ కట్టేది. ఇది నీళ్లలో నాని ఉబ్బి మెత్తబడుతుంది. దీనికి స్పిరిట్ పనికిరాదు.

మూడవది సొన, పాలు. మామిడి సొన, పనస పాలు ఈ జాతివి. వీటికి నీళ్లంటే లెక్కలేదు.

అయితే ఏది ఏదో కనిపెట్టడమెలా? ముందు నీళ్లతోనే పరీక్షించాలి. బండి నీడలో ఉండాలి, రేకు చల్లగా ఉండాలి. దుమ్మంతా నీళ్లు పోసి కడిగేయాలి. దుమ్ము మీద రుద్దితే అదే గరుకు కాగితమవుతుంది. తర్వాత గోరువెచ్చని నీళ్లలో కారు షాంపూ కలిపి, మెత్తని గుడ్డ ముంచి, మచ్చల మీద పది నిమిషాలు పరచి ఉంచాలి. ఎండిపోతే మళ్లీ తడపాలి. మెత్తబడినదాన్ని అదమకుండా తుడవాలి. నా నెల రోజుల జిగురులో ముప్పాతిక వంతు ఇలాగే పోయింది. మిగిలినది రెండోసారికి పోయింది.

సొన చుక్కలు మాత్రం కదలలేదు. నేను పెట్రోలు తెస్తానన్నాను. అమ్మ కూర్చున్న చోటు నుంచే, “పనసకాయ కోసేటప్పుడు చేతికి ఏమి పూసుకుంటారు?” అన్నది. ఎదురింటాయన నవ్వి, “అమ్మ చెప్పిందే మందు” అన్నారు. వంటింట్లోని వేరుశనగ నూనె నాలుగు బొట్లు మెత్తని గుడ్డకు పట్టించి, చుక్కల మీద ఐదు నిమిషాలు ఉంచి, మెల్లగా తుడిచాము. రెండు పోయాయి. కొబ్బరినూనె అయినా సరే; మా ఊరి చలికాలపు ఉదయాల్లో అది గడ్డ కడుతుంది కనుక కాస్త వెచ్చచేసుకోవాలి.

నూనెకు కూడా లొంగని రెండింటికి మందుల షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాలు వాడాము. దీనికి జాగ్రత్త కావాలి. ముందు తలుపు లోపలి అంచున, ఎవరికీ కనబడని చోట, పరీక్షించి చూడాలి. గుడ్డకు కొద్దిగా తడి చేసి అర నిమిషం అద్ది తీసేయాలి; రంగు మీద పోసి వదిలేయకూడదు. దగ్గరలో నిప్పు ఉండకూడదు. బయట షెడ్డులో మళ్లీ రంగు వేయించిన భాగాల మీద దీన్ని వాడకపోవడమే మేలు. చివరకు షాంపూ నీళ్లతో ఆ చోటంతా కడిగి ఆరబెట్టి, వాక్సు పూయాలి. నూనె, ఆల్కహాలు తగిలిన చోట పాత వాక్సు పోయి ఉంటుంది.

థిన్నరు, గిన్నెలు తోమే పీచు, బ్లేడు రంగు దరిదాపులకు రానీయవద్దు. పెట్రోలు నిప్పుతో చెలగాటం. సామెతలో గోటిని మెచ్చుకున్నారు గాని, ఇక్కడ గోటితోనూ గీకవద్దు. అలాగని ఆలస్యమూ పనికిరాదు. జిగురు ఎండకు కాగిన కొద్దీ మెరుపు పూతలోకి దిగి మచ్చ చేస్తుంది. కనిపించిన రోజే పది నిమిషాలు వెచ్చిస్తే చాలు. నా మార్చి నెలలో రోజుకు పది నిమిషాలు దొరకలేదంటే, అది నేను నాకు చెప్పుకున్న అబద్ధమే.

గీతల సంగతి చెప్పలేదు కదూ! గోటిని అడ్డంగా మెల్లగా జరిపితే తట్టుకోనివి రెండు. అవి పాలిషుతో పోయాయి. మూడోది గోటికి తట్టుకుంటున్నది. అంటే లోతుగా దిగింది, రంగు వేయిస్తే గాని పోదు. దాన్ని అలాగే ఉంచాను.

ఆ రోజు గుడికి వెళ్లేసరికి మధ్యాహ్నం పూజ వేళయింది. వెళ్లేముందు అమ్మ చేతి పచ్చడి తిన్నాము. ఆ మామిడి ముక్క నోట్లో పడ్డప్పుడు, ప్రొద్దున నేనన్న మాట గుర్తుకొచ్చి తల ఎత్తలేకపోయాను. జిగురు తీయడానికి గంటన్నర పట్టింది. చెట్టు కొట్టడానికీ అంతే పట్టేది. కాని నలభై ఏళ్ల నీడను ఏ పద్దులో తిరిగి జమ చేసుకోగలను?

ఇప్పుడు పూత మొదలైతే కారును గేటు అవతల నిలుపుతున్నాను. చెట్టు కింద ఒక కుర్చీ అదనంగా చేరింది. అది నాది.