చల్లటి గోడ, చాటున బూజు

అమెరికాలో ఇల్లు కొన్న తెలుగు కుటుంబం గృహప్రవేశానికి వచ్చిన అతిథులకు గదులన్నీ చూపించి చివర్లో ఒక తలుపు తెరుస్తుంది. మెట్లు దిగితే నాలుగు బోడి కాంక్రీటు గోడలు, ఓ మూల ఫర్నేస్. హోమ్ థియేటరా, పూజ గదా, అమ్మానాన్నలు వస్తే ఉండే గదా అన్న చర్చ అక్కడే మొదలవుతుంది. కాంట్రాక్టర్ చెప్పిన రేటు విన్నాక ఇంటాయనలోని వడ్రంగి మేల్కొంటాడు.

బేస్‌మెంట్ చలిదేశపు అవసరం. నేలలోని నీరు గడ్డకడితే ఉబ్బి పునాదిని పైకి నెట్టేస్తుంది. అందుకే మిన్నెసోటాలో పునాది దక్షిణాన 42, ఉత్తరాన 60 అంగుళాల లోతుకు వెళ్లాలన్నది నిబంధన. ఎలాగూ అంత తవ్వాక ఇంకొంచెం తవ్వితే ఓ అంతస్తు కలిసొస్తుంది.

సొంతంగా పనికి దిగేవారిలో చాలామంది చేసే తప్పు ఒకటే. కాంక్రీటుకు ఆనించి చెక్క ఫ్రేమ్ నిలబెట్టి, మధ్యలో ఫైబర్‌గ్లాస్ దూది కూరి, పైన పాలిథిన్ షీటు కొట్టి డ్రైవాల్ బిగించేస్తారు. చూడటానికి గోడ బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ దూది గాలిని ఆపలేదు. గదిలోని తేమ గాలి సందుల గుండా వెళ్లి చల్లటి కాంక్రీటును తాకుతుంది. మంచినీళ్ల గ్లాసు బయట చెమట పట్టినట్టే అక్కడా నీరు చేరుతుంది. మట్టిలోంచి కాంక్రీటులోకి ఊరే చెమ్మ దీనికి అదనం. ఆరిపోయే దారిని పాలిథిన్ మూసేస్తుంది. చెక్క, డ్రైవాల్ కాగితం బూజుకు మంచి మేత. ముక్క వాసన తెలిసేసరికి గోడ లోపల పాడైపోయి ఉంటుంది.

విరుగుడు కష్టమేమీ కాదు. ముందుగా ఫోమ్ బోర్డును కాంక్రీటుకే అంటించి, అతుకులకు టేపు వేయాలి. రెండంగుళాల ఎక్స్‌పీఎస్ బోర్డు ఆర్-10 మేరకు చలిని ఆపుతుంది. షికాగో వంటి చోట్ల అది చాలదు కనుక దాని ముందు నిలబెట్టే ఫ్రేమ్‌లో దూది కూడా నింపుతారు. పాలిథిన్ మాత్రం వద్దు. నిలువు చెక్కల మధ్య దూరం 16 అంగుళాలు. నాలుగడుగుల డ్రైవాల్ అంచు సరిగ్గా చెక్క మీదికి రావాలంటే ఆ లెక్కే కుదురుతుంది. (టూ బై ఫోర్ అని అమ్మే చెక్క కొలిస్తే ఒకటిన్నర, మూడున్నర అంగుళాలే ఉంటుంది. కొత్తవారు ఇక్కడే ఖంగుతింటారు.) నేలకు తగిలే అడుగు చెక్క మందు పట్టించినదై ఉండాలి. డ్రైవాల్‌ను నేలకు అర అంగుళం ఎత్తులో ఆపాలి. ఫోమ్ మంటకు అంటుకునే సరుకు కాబట్టి దాన్ని అర అంగుళం జిప్సమ్ బోర్డుతో కప్పడం తప్పనిసరి.

అసలు వర్షపు నీరే లోపలికి వస్తుంటే ఇవేవీ పనిచేయవు. రెండడుగుల ప్లాస్టిక్ ముక్కను గోడకు నాలుగువైపులా టేపుతో అంటించి రెండ్రోజులు వదిలేస్తే గుట్టు బయటపడుతుంది. గోడ వైపు తడిస్తే చెమ్మ బయటి నుంచి వస్తున్నట్టు. చెక్క కొనేముందు చూరు గొట్టాలు, ఇంటి చుట్టూ నేలవాలు సరిచేసుకోవాలి.

పెద్దవాళ్లను కింద పడుకోబెట్టే ఆలోచన ఉంటే లెక్క మారుతుంది. పడకగదికి మనిషి బయటపడగల కిటికీ కావాలి. సాధారణంగా పాటించే కోడ్ ప్రకారం తెరిస్తే 5.7 చదరపు అడుగుల ఖాళీ ఉండాలి, దాని అడుగు అంచు నేలకు 44 అంగుళాలకు మించి ఎత్తులో ఉండకూడదు. 2021 సెప్టెంబరు 1 రాత్రి ఐడా తుపాను శేషంగా కురిసిన కుండపోతకు న్యూయార్క్ నగరంలో 13 మంది చనిపోతే, వారిలో 11 మంది బేస్‌మెంట్ ఇళ్లలో ఉన్నవారే. ఆ ఇళ్లలో అత్యధికం అనుమతి లేకుండా మార్చినవని నగర అధికారులు తేల్చారు.

పర్మిట్ రుసుము దండగని దాటేసేవారూ ఉన్నారు. ఇల్లు అమ్మేటప్పుడు ఆ సంగతి బయటికొస్తుంది. పర్మిట్ తీసుకున్నవారు కూడా డ్రైవాల్ బిగించకముందే ఇన్‌స్పెక్టర్‌ను పిలవాలి. తొందరపడి మూసేస్తే, వైర్లు చూపించడానికి బిగించిన గోడనే మళ్లీ విప్పాల్సి వస్తుంది.