కల ఎక్కడ మొదలైందో తెలియకపోవడమే భయం

కాలిపోయిన ముఖం, ఎరుపూ ఆకుపచ్చా చారల స్వెటర్, పాత టోపీ, వేళ్లకు కత్తులు బిగించిన తొడుగు. ఫ్రెడ్డీ క్రూగర్ సినిమా ఒక్కటీ చూడనివాళ్లు కూడా ఈ వేషాన్ని గుర్తుపడతారు. 1984లో వెస్ క్రేవెన్ తీసిన 'ఎ నైట్‌మేర్ ఆన్ ఎల్మ్ స్ట్రీట్'తో మొదలైన ఈ కథ, 1994కల్లా ఏడు భాగాలైంది. అన్నిట్లోనూ ఫ్రెడ్డీ రాబర్ట్ ఇంగ్లండే. మొదటి భాగాన్ని అందరూ మెచ్చుకుంటారు, మూడోదాన్ని అభిమానులు నెత్తిన పెట్టుకుంటారు. నాలుగు నుంచి ఏడు దాకా ఉన్నవాటిని మాత్రం చాలామంది ఒకే గాటన కట్టేస్తారు. అది న్యాయం కాదు. వాటిని విడివిడిగా తూచడానికి ఒక కొలబద్ద ఉంది. అది మొదటి సినిమాలోనే దొరుకుతుంది.

పసిపిల్లల్ని చంపిన ఫ్రెడ్డీని చట్టం వదిలేస్తే, ఎల్మ్ స్ట్రీట్ తల్లిదండ్రులే వాణ్ని తగలబెడతారు. చచ్చినవాడు పగ తీర్చుకోవడానికి వాళ్ల పిల్లల కలల్లోకి వస్తాడు. కలలో కత్తి దిగితే ఒంట్లోనూ దిగుతుంది. ఆగ్నేయాసియా నుంచి అమెరికా చేరిన కాందిశీకుల్లో కొందరు నిద్రలోనే ప్రాణాలు విడిచారని పత్రికలో చదివిన వార్తలు క్రేవెన్‌కు ఈ ఊహ ఇచ్చాయి. మొదటి సినిమాలో కథానాయిక నాన్సీ క్లాసులో కూర్చుని ఉండగా ఒక విద్యార్థి షేక్‌స్పియర్ చదువుతుంటాడు. ఆ గొంతు మెల్లగా గుసగుసగా మారుతుంది. చనిపోయిన స్నేహితురాలు శవాల సంచిలో గుమ్మం దగ్గర నిలబడుతుంది. నాన్సీ ఎప్పుడు నిద్రలోకి జారిందో మనకు తెలియదు. భయమంతా ఆ తెలియకపోవడంలోనే ఉంది. మెలకువకీ కలకీ నడుమ గీత కనబడకుండా ఉన్నంతసేపూ ఈ సినిమాలు భయపెడతాయి.

రెన్నీ హార్లిన్ తీసిన నాలుగో భాగం 'ది డ్రీమ్ మాస్టర్' 1988లో, హాలీవుడ్ రచయితల సమ్మె నడుస్తున్న రోజుల్లో తయారైంది. అమెరికాలో సుమారు 4.9 కోట్ల డాలర్లు వసూలు చేసి అప్పటివరకు ఈ సిరీస్‌లో పెద్ద హిట్ అయింది. బెరుకుగా ఉండే అలిస్, చనిపోయిన స్నేహితుల బలాలను ఒక్కొక్కటిగా తనలో నింపుకుని ఫ్రెడ్డీకి ఎదురు నిలవడం మంచి కథే. కానీ ఫ్రెడ్డీ ఇక్కడ జోకులు వేసే స్టార్. బొద్దింకలంటే అసహ్యించుకునే అమ్మాయి చేతులు చీలి బొద్దింక కాళ్లు బయటికొచ్చే ఘట్టంలో మేకప్ నిపుణుల పనితనం అబ్బురపరుస్తుంది, అయితే అది కల అని మొదటి క్షణంలోనే తెలిసిపోతుంది. అదే సమయంలో ఆ అమ్మాయిని కాపాడాలని అలిస్, ఆమె స్నేహితుడు డాన్ ట్రక్కు ఎక్కుతారు. కాసేపటికి మళ్లీ అదే పరుగు, అవే మాటలు, అదే ట్రక్కు. తామిద్దరూ నిద్రలో ఉన్నామని వాళ్లకు ఆలస్యంగా అర్థమవుతుంది, మనకీ అంతే. ఏ ఆర్భాటమూ లేని ఆ ఘట్టమే ఈ సినిమాలో అసలైన పీడకల.

స్టీఫెన్ హాప్‌కిన్స్ తీసిన ఐదోది 'ది డ్రీమ్ చైల్డ్' ఏడాది తిరక్కుండానే, 1989లో వచ్చింది. దీని ఊహ నాలుగోదానికంటే గొప్పది. అలిస్ గర్భవతి. కడుపులో బిడ్డ కలలు కంటుంది కాబట్టి తల్లి మేలుకుని ఉన్నా ఫ్రెడ్డీకి దారి దొరుకుతుంది. నిద్ర మానేస్తే బతుకుతామన్న ఒక్క ఆశ కూడా పోయిందన్నమాట. అంత పదునైన ఊహ చేతిలో ఉన్నా, సినిమా మాత్రం మోటార్‌సైకిల్‌తో కలిసిపోయే మనిషి, కామిక్ పుస్తకం పేజీల్లోకి వెళ్లే కుర్రాడు వంటి విడివిడి విన్యాసాల వెంట పడింది. వసూళ్లు 2.2 కోట్ల డాలర్లకు పడిపోయాయి.

1991లో రేచల్ టాలలే తీసిన 'ఫ్రెడ్డీస్ డెడ్' అన్నిటికంటే బలహీనం. ఒక కుర్రాణ్ని ఫ్రెడ్డీ వీడియో గేమ్‌లో బొమ్మలా ఆడిస్తాడు. ఫ్రెడ్డీకో కూతురు, చేదు బాల్యం అంటూ సంజాయిషీలు చేరతాయి. తెలియనివాడిగా ఉన్నప్పుడు వాడికున్న బలం వివరణతో తరిగిపోయింది. ఆఖరి ఘట్టం త్రీడీలో ఉంటుంది. నాయిక కళ్లద్దాలు పెట్టుకున్నప్పుడు ప్రేక్షకులూ పెట్టుకోవాలి. ఇక కల మొదలవుతోందని సినిమాయే చెప్పేసింది. దాచాల్సిన గీతను దగ్గరుండి చూపించడమంటే ఇదే.

1994లో క్రేవెన్ తిరిగొచ్చి 'న్యూ నైట్‌మేర్' తీశాడు. నాన్సీగా నటించిన హెదర్ లాంగెన్‌క్యాంప్ ఇందులో హెదర్‌గానే కనిపిస్తుంది. ఇంగ్లండ్, క్రేవెన్, నిర్మాత బాబ్ షే కూడా తమ సొంత పేర్లతోనే ఉంటారు. తన కొత్త కథ గురించి క్రేవెన్ హెదర్‌తో మాట్లాడాక, అతని కంప్యూటర్ తెర మీద వాళ్లు అప్పుడే అనుకున్న మాటలు రాసి ఉంటాయి. నాన్సీ తండ్రిగా వేసిన జాన్ సాక్సన్, మాటల మధ్యలో హెదర్‌ని నాన్సీ అని పిలవడం మొదలుపెడతాడు. ఆమె కాదంటూనే చివరికి అతన్ని నాన్నా అంటుంది. తిరిగి చూస్తే ఇల్లు ఎల్మ్ స్ట్రీట్ ఇల్లయి ఉంటుంది. ఎక్కడా మెరుపుల్లేవు, జోకుల్లేవు. కలకీ మెలకువకీ మధ్య ఉన్న చెరిగిన గీతని, సినిమాకీ జీవితానికీ మధ్యకు తీసుకొచ్చాడు క్రేవెన్. వసూళ్లలో ఇది ఏడింటిలోకీ తక్కువ, సుమారు 1.8 కోట్ల డాలర్లే. రెండేళ్లకు తీసిన 'స్క్రీమ్'లో అతను హారర్ సినిమా తన గురించి తానే మాట్లాడుకునే ఈ ధోరణిని ఇంకా ముందుకు తీసుకెళ్లి పెద్ద విజయం సాధించాడు.

కొత్తగా చూడాలనుకునేవాళ్లకు ఒకటి, మూడు, ఏడు చాలు. ఓపిక ఉంటే ట్రక్కు ఘట్టం కోసం నాలుగు, ఊహ కోసం ఐదు చూడండి. ఆరు వదిలేసినా నష్టం లేదు. ఏది చూస్తున్నా ఒక్క ప్రశ్న వేసుకోండి, ఈ కల ఎక్కడ మొదలైంది అని. జవాబు వెంటనే దొరికితే అక్కడ చూడదగ్గది పనితనం మాత్రమే. వెనక్కి వెళ్లి వెతుక్కోవాల్సి వస్తే మాత్రం, ఎన్నో భాగమైనా సరే, దర్శకుడు తన పని చేసినట్టే.