షుగర్ ఉన్న రైతులు పండ్లు ఎలా తినాలి?

మన ఝరాసంగం, జహీరాబాద్ ప్రాంతంలో మామిడి, జామ, సీతాఫలం వంటి పండ్లు కాలాన్నిబట్టి ఇంటి దగ్గరే దొరుకుతాయి. షుగర్ ఉందని కొందరు పండు ముట్టనే ముట్టరు. మరికొందరు "మన చెట్టు పండే కదా" అని లెక్క లేకుండా తింటారు. రెండూ సరికాదు. షుగర్ ఉన్నవారూ పండు తినవచ్చు. ఎంత, ఎలా, ఎప్పుడు అన్నదే ముఖ్యం.

ఒకసారికి ఎంత?
కింది వాటిలో ఏదో ఒకటి మాత్రమే తీసుకోవాలి. ఒక్కోదానిలో సుమారు 15 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది.
• జామ: మధ్యరకం కాయ 1
• బొప్పాయి: చిన్న గిన్నెడు ముక్కలు
• మామిడి: చిన్న పండులో సగం
• అరటి: చిన్నది 1, పెద్దదైతే సగం
• సపోటా: చిన్నది 1
• సీతాఫలం: మధ్యరకం పండులో సగం

జామలో పీచు ఎక్కువ, కాబట్టి తొక్కతోనే తినండి. పండు తిన్న పూట జొన్నరొట్టెలో సగం తగ్గించండి. రసం తీస్తే పీచు పోయి షుగర్ త్వరగా పెరుగుతుంది, కాబట్టి పండుగానే తినండి. నేరేడు గింజల పొడి వాడుతున్నామని మాత్రలు మానకూడదు. కిడ్నీ జబ్బు ఉన్నవారు ఏ పండ్లు తినాలో డాక్టరును అడగాలి.

ఉపవాసం రోజు
మహాశివరాత్రికి కేతకీ సంగమేశ్వర స్వామి దర్శనానికి వచ్చేవారిలో చాలామంది ఒక్కపొద్దు ఉంటారు. షుగర్ మందులు వేసుకుని ఏమీ తినకపోతే షుగర్ పడిపోవచ్చు. సాయంత్రం అరటిపండ్లు, ఖర్జూరాలు, గెనుసుగడ్డలు కలిపి తింటే ఒక్కసారిగా పెరగవచ్చు. ఉపవాసానికి ముందే డాక్టరును కలవండి. మందు మోతాదు సొంతంగా మార్చకండి.

పొలంలో షుగర్ పడిపోతే
చెమటలు, వణుకు, గుండెదడ, కళ్లు తిరగడం కనిపిస్తే ఎండ దెబ్బ అనుకుని ఊరుకోకండి. షుగర్ మందులు వాడేవారిలో ఇవి షుగర్ పడిపోయిన గుర్తులు కావచ్చు. వెంటనే 3 చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగండి. ఈ సమయంలో జామకాయ పనికిరాదు, అది నెమ్మదిగా పనిచేస్తుంది. 15 నిమిషాల్లో తగ్గకపోతే మళ్లీ చక్కెర నీళ్లు తాగండి. కుదుటపడ్డాక రొట్టెగానీ అన్నంగానీ తినండి. స్పృహ తప్పినవారి నోట్లో ఏమీ పోయకండి, 108కు ఫోన్ చేయండి. చక్కెర పొట్లం ఎప్పుడూ జేబులో ఉంచుకోండి.

పరీక్ష చేసుకునే ముందు
పండు కోసిన చేతులతో మీటరులో చూస్తే వేలికంటిన రసం వల్ల షుగర్ ఎక్కువ చూపిస్తుంది. సబ్బుతో కడిగి, తుడుచుకుని చూడండి. తిన్న 2 గంటలకు 180 లోపు ఉండటం సాధారణంగా మంచిది. ఏ పండు తిన్నాక ఎంత ఉందో పుస్తకంలో రాసుకుంటే మీకు ఏది సరిపడుతుందో తెలుస్తుంది. 30 ఏళ్లు దాటినవారు దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో షుగర్ పరీక్ష తప్పక చేయించుకోండి.