వరంగల్ ఎండలకు పచ్చిపులుసు

పాలు, పెరుగు, నెయ్యి లేని వీగన్ భోజనం అనగానే చాలామంది ఖరీదైన బాదంపాల డబ్బాలనే ఊహించుకుంటారు. ఇంగ్లండులో 1944లో వీగన్ సొసైటీ పుట్టకముందే వరంగల్ ఇళ్లలో ఇలాంటి వంటలెన్నో ఉన్నాయి. ఉష్ణోగ్రత నలభై డిగ్రీలు దాటే మే నెలలో పచ్చిపులుసును మించింది లేదు. నానిన చింతపండు పిసికి, కాల్చిన పచ్చిమిర్చి, ఉల్లిగడ్డ, కొత్తిమీర, వేయించిన నువ్వుల పొడి కలిపి నూనెలో పోపు పెడితే చాలు, మరిగించే పనే లేదు. మామిడికాయ పప్పు, జొన్నరొట్టె పక్కన పెడితే పూట గడుస్తుంది. పదిమంది చేరేనాడు సర్వపిండి ఉండాల్సిందే: బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కారం కలిపి, గిన్నె అడుగున పలుచగా అద్ది, వేలితో చిల్లులు పెట్టి, నూనె చుక్కలేసి కాలుస్తారు. చల్లారినా రుచి తగ్గదు.

పెరుగు లేని వేసవి ఎట్లా అన్న ప్రశ్న న్యాయమైనదే. పులిసిన రాగి అంబలిలో మజ్జిగకు బదులు నిమ్మరసం పిండితే ఆ పులుపు, చలువ రెండూ దక్కుతాయి. వంద గ్రాముల రాగుల్లో సుమారు 340 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. మాంసకృత్తుల మాటకొస్తే, ధాన్యంలో తక్కువైన లైసిన్‌ను పప్పు భర్తీ చేస్తుంది. బి12 విటమిన్ మాత్రం ఈ వంటల్లో దొరకదు. పూర్తిగా వీగన్‌గా మారేవారు వైద్యుల సలహాతో మాత్ర వేసుకోవాలి. అప్పుడప్పుడూ తినేవారికి ఆ చింత అక్కర్లేదు. ఈ వేసవిలో చుట్టాలొస్తే ముందు పచ్చిపులుసు వడ్డించండి.